ఇంగ్లీషుకి వన్-టు-వన్ ట్యూషనా, బ్యాచ్ క్లాసా? "వ్యక్తిగత శ్రద్ధ" అంటే క్లాసులో ఏం జరగాలి?

బెరుకుమాట:
చదివితే అర్థమవుతుంది, రాయమంటే తంటాలు పడైనా రాయొచ్చు, నోరు తెరిస్తే మాత్రం మూడో మాట దగ్గర ఆగిపోతుంది. ఈ స్థాయివాళ్ల సంగతి అడుగుతున్నాను. ఎవరిని అడిగినా "విడిగా చెప్పించుకుంటే వ్యక్తిగత శ్రద్ధ ఉంటుంది" అంటారు తప్ప, ఆ శ్రద్ధ గంటలో ఏ రూపంలో కనపడాలో చెప్పరు. బ్యాచ్‌లో దొరకనిది విడి ట్యూషన్‌లో ఏం దొరుకుతుంది? ఎప్పుడు అది దండగ ఖర్చు అవుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గడియారం:
ముందు నిమిషాల లెక్క తేల్చుకుందాం. గంట క్లాసు, పన్నెండు మంది అనుకోండి. టీచరు సగం సేపు మాట్లాడితే మిగిలేది 30 నిమిషాలు, పన్నెండు మందికి పంచితే మనిషికి రెండున్నర. అందులోనూ చొరవ ఉన్న ముగ్గురు నలుగురు సగం లాగేసుకుంటారు కాబట్టి బెరుకున్నవాళ్లకి నిమిషం దక్కితే గొప్ప. సమానంగా పంచినా, వారానికి మూడు క్లాసులకి ఏడున్నర నిమిషాలే. విడి ట్యూషన్‌లో ట్యూటర్ తన మాటని 20 నిమిషాలకి కట్టేసుకుని, రాతకి ఇంకో ఐదు తీసేసినా మీకు 35 నిమిషాలు. వారానికి గంటా ముప్పావు, అంటే పద్నాలుగు రెట్లు.

ట్యూటర్ తన మాటని కట్టేసుకోవడమే ఇందులో అసలు షరతు. ఎదుట ఒక్క మనిషే ఉంటే చెప్పేవాళ్లకి ఊపొస్తుంది, టెన్సుల మీద ఉపన్యాసం మొదలవుతుంది. గంటలో 45 నిమిషాలు ఆయనే మాట్లాడితే అది మీరొక్కరే శ్రోతగా ఉన్న బ్యాచ్ క్లాసు. అనుమానముంటే అడిగి ఒక క్లాసు రికార్డు చేసుకోండి, మీ గొంతు వినపడ్డంతసేపు స్టాప్‌వాచ్ నొక్కి కూడండి. గంటలో 30 నిమిషాలకి తగ్గితే ఆ లెక్క ఆయనకే చూపించండి. మంచివాళ్లయితే మర్నాటి నుంచే మారతారు.

ఇంకో సంగతి, ఎదురుచూపు. ప్రశ్న వేశాక టీచర్లు మామూలుగా ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతుల్లో గమనించింది. ఆ ఒక్క సెకనుని మూడు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకి ఇది ఇంకా అవసరం. తెలుగులో చివరనుండే క్రియని లాక్కొచ్చి కర్త పక్కన కూర్చోబెట్టాలి, దానికి కాలం తగిలించాలి, ఆ తర్వాత గదా నోరు తెరిచేది! బ్యాచ్‌లో ఈలోగా పక్కవాడు చెప్పేస్తాడు.

జంటపలుకు:
గడియారం గారూ, మీ లెక్క తప్పు కాదు గానీ చెత్త బ్యాచ్‌ని తీసుకొచ్చి మంచి ట్యూటర్ పక్కన నిలబెట్టారు. పన్నెండు మందిని ఆరు జంటలు చేసి, 30 నిమిషాలు ఒకేసారి మాట్లాడించే టీచరు దగ్గర మనిషికి 15 నిమిషాలు వస్తాయి. పద్నాలుగు రెట్లు కాస్తా రెండు రెట్లకి చిల్లరకి దిగిపోయింది. బ్యాచ్‌కి వెళ్లేవాళ్లు మొదట అడగాల్సింది "ఎంతమంది ఉంటారు" అని కాదు, "క్లాసులో జంటలుగా ఎంతసేపు మాట్లాడిస్తారు" అని.

గడియారం:
ఒప్పుకున్నాను. కానీ ఆ పదిహేను నిమిషాల్లో మీ తప్పు పట్టుకునేది ఎవరు?

నాలుకమడత:
సరైన చోట పట్టుకున్నారు. బ్యాచ్‌లో అందరి మాతృభాషా ఒకటే అయితే అందరి తప్పులూ ఒకటే. ఎదుటివాడికి ఇబ్బంది లేకుండా అర్థమైపోతుంది, కాబట్టి అది తప్పని ఇద్దరికీ తోచదు. పైగా రోజూ వింటుంటే గట్టిపడుతుంది.

మచ్చుకి కొన్ని. తెలుగులో "కదా" ఒక్కటి చాలు, ఏ వాక్యానికైనా అతుకుతుంది. అందుకే "యూ ఆర్ కమింగ్, ఈజింట్ ఇట్?" అంటాం. అక్కడ "ఆరింట్ యూ" రావాలి, "షీ వెంట్" తర్వాత "డిడింట్ షీ" రావాలి. "అతను వస్తానని చెప్పాడు" అన్నప్పుడు ఎవరితో చెప్పాడో తెలుగు అడగదు, అందుకని "హీ టోల్డ్ దట్ హీ విల్ కమ్" వస్తుంది. టోల్డ్ అంటే వెంటనే ఎవరికో చెప్పాలి, ఆ మనిషి అక్కర్లేకపోతే సెడ్. అది గతం కాబట్టి విల్ కాస్తా మామూలుగా వుడ్ అవుతుంది. "రెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను" కి "ఐ యామ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అనేస్తాం. కావాల్సింది "ఐ హావ్ బీన్ హియర్ ఫర్ టూ ఇయర్స్". "వాడెక్కడికి వెళ్తున్నాడో తెలీదు" కి "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ గోయింగ్". ఇంకో వాక్యం లోపల ఇమిడిన ప్రశ్నకి ప్రశ్న వరస ఉండదు, "వేర్ హీ ఈజ్ గోయింగ్" అనాలి.

ఉచ్చారణకి వస్తే, దిక్కుల్లో పడమర అనే వెస్ట్‌కీ, లోపల తొడుక్కునే వెస్ట్‌కీ మన లిపిలో ఒకటే "వె". చెవికీ ఒకటే అనిపిస్తుంది. మొదటిదానికి పెదాలు గుండ్రంగా "ఊ" అనబోయి అక్కడి నుంచి "ఎస్ట్" లోకి జారాలి, పళ్లు పెదవికి తగలకూడదు. రెండోదానికి పైపళ్లు కింది పెదవి మీద ఆనించి గొంతు మోగించాలి. ఇది చెప్తే రాదు, నోరు చూడాలి. పన్నెండు మంది నోళ్లు ఒక్కొక్కటిగా చూసే తీరిక బ్యాచ్ టీచరుకి ఉండదు. విడి ట్యూషన్‌లో ఒక అద్దం, ఐదు నిమిషాలు, పది జతల మాటలు ఇస్తే వారం పది రోజుల్లో కనీసం తేడా వినపడటం మొదలవుతుంది. పలకడం దాని వెనకే వస్తుంది, ముందు రాదు.

ఇక మాట చివర "ఉ" చేర్చడం (బస్సు, కప్పు), "ఎ" ముందు యకారం తగిలించడం (యెమ్, యెన్), "కంఫర్టబుల్" లో టేబుల్‌ని గట్టిగా వినిపించడం. ఇవన్నీ అందరికీ ఉండవు, ఒక్కొక్కరికి రెండో మూడో ఉంటాయి. ఎవరికేవి ఉన్నాయో చూసి వాటి మీదే పని చేయడం విడి ట్యూషన్ అసలు లాభం. బ్యాచ్‌లో అందరికీ కలిపి పదీ చెప్తారు, మీకు లేని ఎనిమిదింటి మీద మీ సమయం పోతుంది.

అనుమానం:
ట్యూటర్ కూడా "హీ టోల్డ్ దట్" బాపతే అయితే?

నాలుకమడత:
అయితే ఏ లాభమూ లేదు, మీ తప్పుకి ఆమోదముద్ర పడుతుంది. కానీ తెలుగు రాని ట్యూటరే మేలనీ అనలేం. తెలుగు తెలిసి, ఇంగ్లీషు మీద పట్టున్నవాళ్లు "ఇది కదా నుంచి వచ్చింది" అని వేరు చూపిస్తారు. తెలుగు రానివాళ్లు "ఇలా అనం" అని చెప్పి ఊరుకుంటారు.

ఎర్రసిరా:
తప్పు పట్టుకోవడం ఒక ఎత్తు, దిద్దడం ఇంకో ఎత్తు. ఎక్కువమంది చేసేది: విద్యార్థి "హీ గో యెస్టర్డే" అంటే ట్యూటర్ "ఆహా, హీ వెంట్ యెస్టర్డే?" అని సరిచేసి తిరిగి పలుకుతారు. వినడానికి మర్యాదగానే ఉంటుంది, కానీ విద్యార్థికి అది సంభాషణలో భాగంగా వినిపిస్తుంది, దిద్దుబాటుగా కాదు. "యెస్" అని ముందుకెళ్లిపోతాడు. రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో కెనడాలో పిల్లల ఫ్రెంచి తరగతులని పరిశీలించి ఇదే చెప్పారు. టీచర్ల దిద్దుబాట్లలో సగానికి పైగా ఇలాంటివే, కానీ వాటికి పిల్లలు స్పందించింది 31 శాతం సార్లే. అదే "ఎలా అంటాం? మళ్లీ చెప్పు" అని వాళ్ల నోటితోనే రప్పించబోతే ప్రతిసారీ ఏదో ఒక స్పందన వచ్చింది. పక్కవాడి వంతు కోసం తొందరపడక్కర్లేదు కాబట్టి విడి ట్యూషన్‌లో ఈ రెండో పద్ధతికి సమయం ఉంటుంది. ఉండీ వాడుకోకపోతే అది ట్యూటర్ తప్పు.

దీనికొక నోటుపుస్తకం కావాలి. మూడు గడులు గీయండి: అన్నమాట, అనాల్సినమాట, రకం (క్రియ, ఆర్టికల్, ప్రిపొజిషన్, ఉచ్చారణ, మాట ఎంపిక). విద్యార్థి మాట్లాడేటప్పుడు ట్యూటర్ అడ్డు తగలకుండా మొదటి గడి మాత్రమే నింపుతారు. ఐదు నిమిషాల మాటలో ఎనిమిదో పదో దొరుకుతాయి. అన్నీ దిద్దకూడదు. అర్థం చెడగొట్టేవీ, మళ్లీమళ్లీ వచ్చేవీ చూసి మూడు ఎంచుకుని, రెండో గడి విద్యార్థి చేతే నింపించాలి. ఆ మూడింటినీ మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి కొత్త వాక్యాల్లో వాడించాలి. వరసగా మూడు క్లాసుల్లో కనపడిన తప్పు తెలియక చేసింది కాదు, అలవాటు. దానికి నియమం మళ్లీ చెప్పి లాభం లేదు. అదే నిర్మాణంతో ఇరవై వాక్యాలు నోటితో చెప్పించాలి.

ఒక జాగ్రత్త. మాట మధ్యలో ఆపి ఆపి దిద్దే ట్యూటర్ దగ్గర బెరుకున్నవాళ్లు రెండు వారాల్లో పొట్టి వాక్యాలకి దిగిపోతారు. పొట్టి వాక్యంలో తప్పులుండవు కదా! దాన్ని ఇద్దరూ ప్రగతి అనుకుంటారు.

కొలబద్ద:
ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు తెచ్చే అంకె ఉంది, అదెక్కడిదో తెలిస్తే మంచిది. 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసం ప్రకారం, విడిగా చదువు చెప్పించుకున్న సగటు విద్యార్థి, దాదాపు ముప్పై మంది ఉండే మామూలు తరగతిలో 98 శాతం మందిని మించాడు, అంటే తేడా రెండు ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత). దీన్ని పట్టుకుని విడి ట్యూషన్ అంటే మాయాదండం అన్నట్టు ప్రచారం చేస్తుంటారు. ఆ పరిశోధనల్లో పాఠాలు సంభావ్యత, పటాల తయారీ. ఇంగ్లీషు కాదు. పైగా ట్యూటర్‌తో పాటు, ఒక పాఠం పూర్తిగా వచ్చేదాకా పరీక్షించి దిద్దే పద్ధతి కూడా కలిసి ఉంది. తర్వాత 2011లో కర్ట్ వాన్‌లెన్ అనేక అధ్యయనాలు పోల్చి చూస్తే మనిషి ట్యూటర్ ప్రభావం 0.79 ప్రామాణిక విచలనాలు అని తేలింది. బ్లూమ్ చెప్పిన రెండు విచలనాల్లో సగం కూడా లేదు, అయినా చిన్నదేం కాదు. విడి ట్యూషన్ పనిచేస్తుంది. కానీ పనిచేసేది ఒంటరిగా కూర్చోవడం కాదు, ఎర్రసిరా గారు చెప్పిన పరీక్షించు-దిద్దు-మళ్లీ పరీక్షించు చక్రం.

బెరుకుమాట:
ఇంత దొరుకుతుందని అనుకోలేదండీ. మరి గంట క్లాసుని ఎలా విడగొట్టాలి?

ఎర్రసిరా:
మాట్లాడటం కోసమే అయితే ఇలా. మొదటి ఐదు నిమిషాలు పాత నోటుపుస్తకంలోంచి మూడు తప్పులు కొత్త వాక్యాల్లో. తర్వాత ముందే ఇచ్చిన అంశం మీద విద్యార్థి ఐదు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి, ట్యూటర్ రాసుకోవాలి తప్ప పెదవి విప్పకూడదు. పది నిమిషాలు ఆ తప్పుల పని. ఆ వెంటనే అదే అంశం మళ్లీ, ఈసారి నాలుగు నిమిషాల్లో. చాలామంది వదిలేసేది ఈ రెండోసారే, నిజంగా నేర్చుకునేది ఇక్కడే, ఎందుకంటే దిద్దిన వాక్యాన్ని వేడి మీదే వాడతారు. తర్వాత పదిహేను నిమిషాలు కొత్త నిర్మాణం ఒకటి, ఒకటే. మరో పదిహేను నిమిషాలు ముందే సిద్ధం కాని సంభాషణ: ఫిర్యాదు చేయడం, దారి చెప్పడం, ఒప్పుకోకపోవడం. మిగిలిన ఆరు నిమిషాల్లో రేపటి అంశం, ఇంటిపని.

ఆదివారం ఒక్కరోజే రెండున్నర గంటలు కూర్చోవడం కంటే వారానికి మూడుసార్లు 45 నిమిషాలు మేలు. మధ్యలో మరిచిపోవడానికీ గుర్తు తెచ్చుకోవడానికీ వ్యవధి ఉండాలి. పైగా గంటంబావు దాటాక పరాయిభాషలో మెదడు మొరాయిస్తుంది.

జంటపలుకు:
ఇప్పుడు నా వంతు, విడి ట్యూషన్ ఎక్కడ చెడుతుందో చెప్తాను.

ట్యూటర్‌కి మీ ఇంగ్లీషు అలవాటవుతుంది. మూడు నెలలకి మీ సగం వాక్యం వినేసరికి మిగతా సగం ఆయనే పూర్తి చేస్తారు. మీకు ధారాళంగా మాట్లాడుతున్నట్టుంటుంది. బయట కొత్తవాళ్లు "పార్డన్?" అన్నప్పుడు గుట్టు బయటపడుతుంది. పది పన్నెండు వారాలకోసారి ఒక్క క్లాసైనా వేరే ట్యూటర్‌తో పెట్టుకుంటే ఇది తెలుస్తుంది.

రెండోది, వంతు తీసుకోవడం. నలుగురు మాట్లాడుతుంటే సందు చూసి దూరడం, మాట మధ్యలో మర్యాదగా అడ్డుకోవడం, ఇద్దరి వేర్వేరు యాసలు ఒకేసారి వినడం ఒక్క మనిషి ఎదుట సాధన చేయలేం. మీటింగుల్లో నోరు పెగలనివాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇదే, వాళ్లేమో విడి ట్యూషన్‌కి పరిగెడతారు.

మూడోది, కీత్ మారిస్ 1983లో చెప్పిన 4/3/2 అభ్యాసం. ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడులో, ఆఖర్న రెండు నిమిషాల్లో చెప్పాలి. వేగానికి ఇంత మంచి సాధన తక్కువ. కానీ ప్రతిసారీ శ్రోత మారాలి. విన్నవాడికే మళ్లీ చెప్పాలంటే ఎవరైనా కత్తిరించి చెప్తారు, అసలు ప్రయోజనం పోతుంది. ఎర్రసిరా గారి రెండోసారి మాట్లాడించడంలోనూ ఈ లోపం కొంత ఉంది. నలుగురున్న చోట శ్రోతలు ఉచితంగా దొరుకుతారు.

ఎర్రసిరా:
ఆ లోపం ఉన్నమాట నిజమే. రెండోసారి చెప్పేటప్పుడు "ఇప్పుడు నేను ఈ సంగతి తెలియని మీ పై అధికారిని" అని పాత్ర మారిస్తే కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

పరీక్షలబాట:
ఐఎల్టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షలకైతే వాదన అక్కర్లేదు. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, ఎదుట ఒక్క పరీక్షకుడే. రెండో భాగంలో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోమంటారు, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. ధారాళత-పొందిక, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన విలువ. పరీక్షే ఒకరితో ఒకరు కాబట్టి సాధనా అలాగే. రాతలో అయితే 250 మాటల రెండో వ్యాసానికి, 150 మాటల మొదటిదానికంటే రెట్టింపు విలువ. దాన్ని ఎవరో ఒకరు వాక్యం వాక్యం చదివి దిద్దాలి. బ్యాచ్‌లో నమూనా వ్యాసాలు పంచుతారు. వాటిని బట్టీ పట్టి రాస్తే పరీక్షకులు పట్టేస్తారు. పరీక్ష పద్ధతి, ప్రశ్నల రకాలు, వినికిడి సాధన మాత్రం బ్యాచ్‌లోనో సొంతంగానో చాలు, వాటికి ట్యూటర్ గంటలు ఖర్చు పెట్టకండి.

కొలబద్ద:
గడువుల గురించి కూడా. యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలమానం ఉంది కదా. మొదటినుంచి లెక్కేస్తే మూడో మెట్టు బీ1కి 350-400, నాలుగో మెట్టు బీ2కి 500-600 బోధన గంటలు పడతాయని కేంబ్రిడ్జి పరీక్షల సంస్థ అంచనా. అంటే బీ1 నుంచి బీ2 కి సుమారు 150-200 గంటలు. వారానికి మూడు గంటల చొప్పున ఏడాదికి అటూఇటూ. "ముప్పై రోజుల్లో" అనే బోర్డు ట్యూటర్ పెట్టినా బ్యాచ్ వాళ్లు పెట్టినా ఒకటే.

అనుమానం:
అసలు అక్షరం ముక్క రానివాళ్లకి?

నాలుకమడత:
వాళ్లకి విడి ట్యూషన్ అంత అవసరం లేదు. మొదటి కొన్ని వందల మాటలు, పలకరింపులు, "దిస్ ఈజ్, దేర్ ఈజ్" వాక్యాలు అందరికీ ఒకటే, ఆటలా గుంపులో బాగా వస్తాయి. మనుషుల తప్పులు వేరుపడటం మొదలయ్యేది మధ్యస్థాయిలో. బెరుకుమాట గారిది సరిగ్గా అక్కడే.

గడియారం:
మధ్యేమార్గం ఒకటి: ముగ్గురి గుంపు. ఒక్కొక్కరికి గంటలో పన్నెండు పదమూడు నిమిషాలు, శ్రోతలు ఇద్దరు, ఖర్చు పంచుకోవచ్చు. ముగ్గురి స్థాయీ ఒక మెట్టులోపు ఉండాలి, అవసరం ఒకటే అయుండాలి. ఒకరికి ఇంటర్వ్యూ, ఒకరికి పరీక్ష అయితే నెలకే విడిపోతుంది. ఒకరు రాకపోతే క్లాసు జరుగుతుందా లేదా ముందే మాట్లాడుకోండి, ఇలాంటి గుంపులు ఎక్కువగా చెడేది అక్కడే.

బెరుకుమాట:
వారానికి రెండు విడి క్లాసులు, ఒకటి గుంపులో అని అనుకుంటున్నాను. డెమో క్లాసులో ట్యూటర్‌ని ఎలా తూచాలి?

ఎర్రసిరా:
వెళ్లేముందు రెండు పంపండి: సిద్ధం కాకుండా మాట్లాడిన మూడు నిమిషాల ఆడియో, దిద్దించని 150 మాటల రాత. డెమోలో ఆయన వాటిని విని, చదివి వచ్చారా, లేక అందరికీ చెప్పే మొదటి పాఠమే తెరిచారా చూడండి. చివర్లో "నాకు ఎక్కువగా వచ్చే మూడు తప్పులేమిటి" అని అడగండి. మీ వాక్యాలే ఎత్తి చూపిస్తే చేరండి. "వకాబులరీ కొంచెం పెంచుకోవాలి" అంటే ఇంకొకరిని వెతకండి. ఆ ఆడియో మాత్రం తారీఖు వేసి దాచండి. మూడు నెలలకి అదే అంశం మీద మళ్లీ మాట్లాడి, రెండూ పక్కపక్కన పెట్టి ఆగిన చోట్లు లెక్కపెట్టుకోవాలి.